గాజులా, గాజులో

2005 ఏప్రిల్‌లో మా కళ్లజోళ్ల కంపెనీ నన్ను మనురేవా దుకాణం నుంచి టౌరంగా దుకాణానికి బదిలీ చేసింది. హోదా సీనియర్ డిస్పెన్సింగ్ ఆప్టీషియన్. ఈ మాట తెలుగువాళ్లకు చెబితే "అంటే కళ్ల డాక్టరా అండీ?" అని అడిగేవారు. కాదంటే మొహంలో గౌరవం కాస్త తగ్గేది. అందుకని మా వృత్తిలో ఎవరి పని ఏమిటో ముందే చెప్పేస్తాను. కంటి జబ్బుకు వైద్యం చేసేవారు కంటి వైద్యులు. చూపు పరీక్షించి నంబరు రాసేవారు, లోపల జబ్బేమైనా ఉందేమో మొదట కనిపెట్టవలసినవారు ఆప్టోమెట్రిస్టులు. ఆ నంబరు తీసుకుని, ఫ్రేము ఎంపిక చేసి, కంటిపాపల మధ్య దూరం కొలిచి, అద్దం ఏ పదార్థంతో చేయించాలో నిర్ణయించి, తయారై వచ్చాక ముక్కు మీదా చెవుల మీదా సరిగ్గా కూర్చోబెట్టే పని మాది. జబ్బుకు పేరు పెట్టే అధికారం మాకు లేదు. కాకినాడలో కళ్లజోళ్ల దుకాణంలో మొదలుపెట్టి, ఈ దేశానికి వచ్చాక మళ్లీ పరీక్షలు రాసి తెచ్చుకున్న ఉద్యోగం కాబట్టి ఆ గీత ఎక్కడుందో నాకు బాగా తెలుసు.

టౌరంగాలో అప్పటికి తెలుగు కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఎక్కువమంది ఆసుపత్రిలోనో వృద్ధాశ్రమాల్లోనో పనిచేసే క్రైస్తవ కుటుంబాలు. రెండు వారాలకొకసారి శనివారం సాయంత్రం ఒక హాల్లో తెలుగులో ప్రార్థన పెట్టుకునేవారు. నేను హిందువునని వాళ్లకు తెలుసు, ప్రార్థన తరవాత భోజనం ఉంటుందని నాకు తెలుసు. మార్తమ్మ ఆంటీ చేసే చేపల పులుసు కోసం నేను ఇంకా దూరమైనా వెళ్లేదాన్ని.

ఈ జ్ఞాపకం మార్తమ్మ ఆంటీ కుడి కన్ను గురించి. ఆవిడది ఒంగోలు దగ్గర. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చింది. కొడుక్కి పోర్టులో షిఫ్టు ఉద్యోగం, కోడలు సునీత ఆసుపత్రిలో నర్సు, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. ఆంటీ ఊరికే కూర్చునే రకం కాదు. కివీ పండ్ల కాలంలో ప్యాక్‌హౌస్‌లో పండ్లు ఏరే పనికి కుదిరింది. ఆ ప్యాక్‌హౌస్ ఊరి బయట, బస్సు సరిగ్గా లేని చోట ఉంది. ఒంగోల్లో సైకిలు కూడా తొక్కని మనిషి, యాభై దాటాక కారు నేర్చుకుంది. పరీక్షలో ఒకసారి తప్పింది, మళ్లీ వెళ్లి నెగ్గింది. ఆ తరవాత తనతోపాటు మరో నలుగురు ఆడవాళ్లను రోజూ పనికి తీసుకెళ్లి తీసుకొచ్చేది. "స్టీరింగు పట్టుకున్నాకే నేనో మనిషినయ్యానమ్మా" అని నాతో ఎన్నిసార్లు అందో. ఆ మాట అన్నప్పుడు వీపు నిటారుగా పెట్టి కూర్చునేది.

ఆవిడ కళ్లజోడు మాత్రం మా దుకాణంలో చేయించలేదు. అంతకుముందు వేసవిలో ఒంగోలు వెళ్లినప్పుడు చేయించుకుని వచ్చింది. ఇక్కడివాళ్లు చాలామంది చేసే పనే, నాకు ఒళ్లు మండే పనే. కళ్లజోడు వస్తుంది సరే, దాంతోపాటు జరగవలసిన కంటి పరీక్ష జరగదు. అయినా ముక్కు మీద ఒత్తుతోందంటే నేనే సరిచేసి ఇచ్చాను. ప్లస్ నంబరు అద్దాలు, వాటి వెనక ఆవిడ కళ్లు పెద్దవిగా కనిపించేవి. దళసరి ప్లాస్టిక్ అద్దాలవి. ఆంటీ మాత్రం వాటిని ఎప్పుడూ గాజులనే అనేది. "గాజు మీద గీత పడిందమ్మా, చూడు" అనేది. ప్లాస్టిక్ ఆంటీ అని నేను, గాజేలేమ్మా అని ఆవిడ. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు కోడలి కళ్లజోడు సంగతి. సునీతది మైనస్ తొమ్మిది. చిన్నప్పటి నుంచీ సోడాబుడ్డి అద్దాలే. బళ్లో, నర్సింగ్ కాలేజీలో, చివరికి పెళ్లిచూపుల్లో కూడా ఆ పేరు పడిందని నవ్వుతూ చెప్పింది, కానీ నవ్వు పూర్తిగా రాలేదు. ఆ ఏడాది మే నెలలో మా దుకాణానికి వచ్చి సన్నటి అద్దాలు కావాలంది. హై ఇండెక్స్ అని ఒక రకం ఉంటుంది. కాంతిని ఎక్కువగా వంచే పదార్థం కాబట్టి అదే నంబరుకు సగం మందం చాలు. మా పోస్టర్లలో సన్నం, తేలిక, అందం అని రాసి ఉండేది. దానివల్ల వచ్చే ఇబ్బంది ఏ పోస్టరు మీదా రాసి ఉండేది కాదు. అది చెప్పడం నా పని.

ఇంటర్ ఫిజిక్సులో వర్ణ విపథనం అని ఒక పాఠం ఉండేది. పరీక్షలో రాసి మరిచిపోయిన పాఠమే నాకు అన్నం పెట్టింది. తెల్లటి వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. అద్దం వాటన్నిటినీ ఒకేలా వంచదు, నీలాన్ని ఎక్కువగా, ఎరుపును తక్కువగా వంచుతుంది. అద్దం నడిమధ్యలోంచి చూస్తే తేడా తెలియదు. అంచు వైపు నుంచి చూస్తే అద్దం పట్టకంలా పనిచేసి రంగులను విడదీస్తుంది. కెమెరాల్లో అయితే రెండు రకాల అద్దాలు జతచేసి ఈ దోషాన్ని చాలావరకు సరిదిద్దుతారు. ముక్కు మీద అంత బరువు పెట్టలేం కాబట్టి కళ్లజోట్లో ఆ వీలు లేదు. సన్నటి అద్దాలకు వాడే పదార్థాలు చాలావరకు రంగులను ఎక్కువ విడదీస్తాయి. నంబరు పెద్దదైతే మరీను.

ఇదంతా ముందే చెప్పాను. అయినా కొత్త కళ్లజోడు పెట్టుకున్న కొద్ది రోజులకే సునీత మళ్లీ వచ్చింది. "అక్షరాలకి పైపింగ్ కుట్టినట్టు కనపడతందండీ. ఒక పక్క నీలం, ఇంకో పక్క పసుపు. మందుల లేబుళ్లు చదవాలంటే చిరాగ్గా ఉంది" అంది. జాకెట్టు మెడకు వేసే పైపింగ్! ఇన్నేళ్ల ఉద్యోగంలో ఈ దోషాన్ని అంత చక్కగా వర్ణించినవాళ్లను నేను చూడలేదు.

పద్ధతి ప్రకారం చేయవలసినవన్నీ చేశాను. తల నిటారుగా పెట్టి మధ్యలోంచి చూడమంటే పైపింగ్ పోయింది, పక్క చూపుతో చూస్తే వచ్చింది. కళ్లజోడు తీయించాను. అంత నంబరుకు దూరం ఏమీ కనపడదు కాబట్టి కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టి చదివించాను. అక్షరాల చుట్టూ ఏ రంగూ లేదు. అంటే దోషం అద్దానిది, కంటిది కాదు. ఆప్టోమెట్రిస్ట్ అంతకుముందే ఆమె కళ్లు క్షుణ్ణంగా చూశాడు, అవి బాగున్నాయి. ఫ్రేము కాస్త వంచి అద్దాన్ని కంటికి దగ్గర చేశాను. కళ్లు తిప్పడం కాకుండా తల తిప్పి చూడమన్నాను. చివర్లో మా వృత్తిలో అందరూ చెప్పే మాట చెప్పాను. "మిగిలింది అలవాటైపోతుందమ్మా" అన్నాను.

అలవాటైపోయింది కూడా. రంగులు ఎక్కడికీ పోవు, మెదడు వాటిని పట్టించుకోవడం మానేస్తుంది. తరవాతి ప్రార్థనలో సునీత కళ్లజోడు గురించే అందరూ మాట్లాడారు. ఎవరికీ సోడాబుడ్డి గుర్తు రాలేదు. నాకూ సంతోషంగానే అనిపించింది.

జూన్ వచ్చింది. ఇక్కడ అది చలికాలం, సాయంత్రం అయిదింటికే చీకటి పడుతుంది. ఆ శనివారం నా కారు రిపేరులో ఉంది. దుకాణం మూసే వేళకు మార్తమ్మ ఆంటీ తన కారులో వచ్చి నన్ను ఎక్కించుకుంది. వెనక సీట్లో సునీత, ఒళ్లో గుడ్డ చుట్టిన పులుసు గిన్నె. వాన తుంపర పడుతోంది, పోర్టు వైపు దుంగల లారీలు వరసగా పోతున్నాయి.

ఆంటీ చాలా నెమ్మదిగా నడుపుతోంది. మొదట వాన వల్ల అనుకున్నాను. రౌండబౌట్ కూడలి దగ్గర ఆగి, దారి ఖాళీగా ఉన్నా కదల్లేదు. వెనకవాడు హారన్ కొట్టాడు. ఈ దేశంలో హారన్ వినడమే అరుదు. ఏమైంది ఆంటీ అన్నాను.

"ఏం లేదమ్మా, ఈ గాజుల గొడవే" అంది. "ఎదురొచ్చే ప్రతి లైటుకీ రంగుల గాజు తొడిగినట్టు కనబడతంది. సునీతని అడిగితే అలవాటైపోద్దంది. నువ్వే చెప్పావంట గదా. ఏందో, నాకింకా అలవాటవ్వలా."

అద్దం రంగులను ఒక పక్కకు విడదీస్తుంది, అంచుకు పైపింగ్ వేస్తుంది. దీపం చుట్టూ గాజు తొడగదు. పైగా ఆంటీవి ఆ దోషం చాలా తక్కువగా ఉండే మామూలు ప్లాస్టిక్ అద్దాలు.

ముందున్న పెట్రోలు బంకులో ఆపమన్నాను. ఆపింది. కళ్లజోడు తీసి ఆ పెద్ద లైటు చూడమన్నాను.

"తీసినా ఉందమ్మా" అంది. లోపల నీలం, బయట ఎరుపు, చుట్టూ గుండ్రంగా అంది. ఎడమ కన్ను మూయమంటే ఉంది. కుడి కన్ను మూయమంటే లేదు. తలనొప్పి ఉందా అంటే, కుడి కనుబొమ్మ పైన సాయంత్రాలు వస్తోందని, పడుకుంటే తగ్గిపోతోందని, ఇవాళ మాత్రం మధ్యాహ్నం నుంచే ఉందని చెప్పింది. బంకు వెలుతురులో ఆవిడ కుడి కన్ను ఎర్రగా ఉంది. నల్లగుడ్డు మీద మెరుపు లేదు, ఆవిరి పట్టినట్టుంది.

జబ్బుకు పేరు పెట్టే అధికారం నాకు లేదని మొదట్లోనే చెప్పాను. పేరు పెట్టలేదు. ఆంటీని పక్క సీట్లోకి జరగమని, నేను స్టీరింగు ముందు కూర్చుని, ఆసుపత్రి అత్యవసర విభాగానికి పోనిచ్చాను. అప్పుడు వెనక నుంచి సునీత గొంతు వినిపించింది.

"గాజులో రంగులన్నావు గదత్తయ్యా! గాజులో అన్నావు!"

"గాజులా అన్నానమ్మాయ్" అంది ఆంటీ. "చేతి గాజులా, గుండ్రంగా అన్నా."

తరవాత తెలిసిందేమిటంటే, వాళ్లిద్దరూ ఒకరు వస్తుంటే ఇంకొకరు వెళ్లే మనుషులు. ఒకనాటి సాయంత్రం డ్యూటీకి వెళ్తూ సునీత గ్యారేజీలో కారెక్కుతోంది. ఇంటి లోపలి తలుపు దగ్గర నించుని ఆంటీ ఆ మాట చెప్పింది. అదే సమయానికి గ్యారేజీ షట్టరు గడగడా పైకి లేస్తోంది. గాజులా రంగులు కనబడతన్నాయని ఆవిడ చెప్పింది, గాజులో రంగులు కనబడతన్నాయని ఈమె విన్నది. కళ్లజోడు అద్దాన్ని గాజు అనే మనిషి కాబట్టి అనుమానం రాలేదు. తన కళ్లజోట్లో తనూ రంగులు చూస్తోంది కాబట్టి అసలే రాలేదు. "అది కళ్లజోడు వల్లేలే అత్తయ్యా, నాకూ అంతే, అలవాటైపోద్ది" అని చెప్పి వెళ్లిపోయింది. ఆంటీ నమ్మింది. కోడలు నర్సు, పైగా ఆ మాట కళ్లజోళ్లావిడ చెప్పినది. ఇంక దుకాణానికి రావడం ఎందుకు, అందులో పండ్ల కాలం, సెలవు పెడితే నలుగురి పని పోతుంది.

ఆసుపత్రిలో ఒత్తిడి కొలిచారు. కంటి లోపల ఎప్పుడూ కొంత నీరు ఊరుతుంటుంది, ఒక మూల నుంచి బయటికి పోతుంటుంది. ప్లస్ నంబరువాళ్ల కళ్లు చిన్నవి, వాళ్లలో కొందరికి ఆ మూల ఇరుకుగా ఉంటుంది. మసక వెలుతురులో కంటిపాప విచ్చుకున్నప్పుడు ఆ ఇరుకు మూసుకుపోయి, నీరు ఆగి, ఒత్తిడి పెరుగుతుంది. నల్లగుడ్డు పైపొర నీరు పట్టి ఉబ్బుతుంది. ఆ నీటిపొరే దీపం చుట్టూ రంగుల గాజు కనిపించేలా చేస్తుంది. నిద్రలో కంటిపాప ముడుచుకుంటే దారి తెరుచుకుంటుంది, పొద్దునకు అంతా బాగున్నట్టే ఉంటుంది. చీకటి తొందరగా పడే నెలల్లో, ప్యాక్‌హౌస్ నుంచి ఇంటికి వచ్చే ఆ దారిలో, ఆవిడకు ఇది చాలా రోజులుగా జరుగుతోంది. వచ్చిన ప్రతిసారీ లోపలి నరం కొంత చచ్చిపోతోంది. దీన్ని గ్లకోమాలో ఒక రకమని కంటి వైద్యురాలు చెప్పింది.

చుక్కలు వేశారు, మాత్రలు ఇచ్చారు, ఒత్తిడి దిగాక లేజరుతో రెండు కళ్లకూ నీరు పోయేందుకు చిన్న రంధ్రాలు చేశారు. ఎడమ కన్ను దక్కింది. కుడి కంట్లో మధ్యలో కాస్త మసక చూపు మిగిలింది, చుట్టూ ఉన్నదంతా పోయింది. పోయినది తిరిగి రాదని వైద్యురాలు దాపరికం లేకుండా చెప్పింది. ఆంటీకి నేనే తెలుగులో చెప్పాను. నా జీవితంలో చెప్పిన మాటల్లో నాకు అన్నిటికంటే బరువైన మాట అది. ఆవిడ ఏడవలేదు. బండి నడపచ్చా అని అడిగింది.

ఎడమ కన్ను బాగుంటే, కొంతకాలం ఆగాక, మళ్లీ పరీక్షించి చూద్దామని వైద్యురాలు అంది. ఒంటి కన్నుతో నడిపేవాళ్లు ఈ దేశంలో ఉన్నారు. కానీ ఆంటీ ఆ కాలం ఆగలేదు, తాళాలు కొడుక్కి ఇచ్చేసింది. పక్కనుంచి వచ్చేది కనపడకపోతే బండిలో నలుగురు ఆడాళ్లని ఎక్కించుకుని ఎట్టా పోనూ అంది. ఆ నలుగురిలో ఇద్దరు పని మానేశారు, మిగతావాళ్లు వేరే దారి చూసుకున్నారు. ఆంటీ ఇంట్లోనే ఉండిపోయింది. ప్రార్థనకు కొడుకు కారులో వచ్చి, కుడి పక్కన గోడ ఉండేలా చూసుకుని కూర్చునేది. పులుసు ఎప్పటిలాగే చేసేది, కానీ వీపు నిటారుగా పెట్టి కూర్చోవడం నేను మళ్లీ చూడలేదు.

కోడలిని ఆవిడ ఒక్క మాట అనలేదు. "నేను లా అన్నా, అది లో అనుకుంది. దాంట్లో ఏముందమ్మా" అని ఒక్కసారి నాతో అంది, అంతే. అత్తగారు తిట్టి ఉంటే సునీతకు కాస్త తేలికయ్యేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

సెప్టెంబరులో, ఇక్కడి వసంతకాలంలో, సునీత ఒంటరిగా దుకాణానికి వచ్చింది. కళ్లజోడు తీసి నా ముందు పెట్టి, పాత రకం మందం అద్దాలే వేయమంది. పైపింగ్ మళ్లీ కనిపిస్తోందంది. అలవాటైపోయిన రంగులు ఆ శనివారం నుంచి మళ్లీ మొదలయ్యాయట. వార్డులో, వంటింట్లో, అత్తగారి మొహం పక్కన కూడా. ఈ అద్దాల తప్పేం లేదమ్మా అన్నాను. "తెలుసండీ" అంది. "సోడాబుడ్డి అయినా పర్లేదు." ఆర్డరు పెట్టాను. వచ్చాక ముక్కు మీద కూర్చోబెట్టి, చేతి అద్దంలో మొహం చూపించబోతే వద్దంది.

సునీతకు నేనిచ్చిన జవాబు సరైనది. ఇవాళ అడిగినా అదే చెబుతాను. కానీ దుకాణం నుంచి బయటికి వెళ్లే మనిషి మనం చేసిన పరీక్షను మోసుకుపోడు, జవాబును మాత్రమే మోసుకుపోతాడు. కళ్లజోడు తీయించి చూశాకే నేను ఆ మాట అన్నాను. తీయించడం దుకాణంలో ఉండిపోయింది, అలవాటైపోతుందన్న మాట ఇల్లు చేరి ఇంకొకరి కంటికి వైద్యమైపోయింది.

అప్పటి నుంచి పదవీ విరమణ దాకా పద్ధతి మార్చుకున్నాను. రంగులు కనిపిస్తున్నాయని ఎవరు చెప్పినా, వాళ్లకైనా వాళ్లింట్లోవాళ్లకైనా, మాటతో సరిపెట్టుకోలేదు. కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి లైటు ఎలా కనిపిస్తోందో గీయమన్నాను. పైపింగ్ గీసినవాళ్లను నా కుర్చీలో కూర్చోబెట్టాను. గాజు గీసినవాళ్లను అప్పటికప్పుడు ఆప్టోమెట్రిస్ట్ గదిలోకి పంపాను. పంపినవాళ్లలో చాలామందికి ఏమీ ఉండేది కాదు, ఆయన విసుక్కునేవాడు. విసుక్కోనిచ్చాను.